అత్త అడిగిన తెర

నాకు నోరెక్కువ. ఇదేమీ గొప్పగా చెప్పుకునే సంగతి కాదు, కానీ ముందే చెప్పేస్తే మీకూ నాకూ కాస్త సుఖం. మా మేనత్త లాప్‌టాప్ సంగతి చెప్పాలంటే నా నోటి సంగతి రాకుండా కుదరదు. నా మీసం సంగతి కూడా వస్తుంది.

అత్త మా నాన్నకి అక్క. మామయ్య పోయాక, నేను మూడో క్లాసులో ఉండగా, ఒక సూట్‌కేసు పట్టుకుని మా ఇంటికొచ్చింది. వెనక గది ఇచ్చారు. ఊరికే ఇవ్వలేదు లెండి, ఆమెకి ఉద్యోగముంది, జీతంలో సగం అమ్మ చేతికొచ్చేది. ఆ ఉద్యోగమేమిటంటే, ఎక్కడెక్కడో జరిగిన మీటింగులూ విచారణలూ వీడియో తీసి వీళ్ళ ఆఫీసుకి పంపుతారు. వీళ్ళు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, ఎవరేమన్నారో పొల్లుపోకుండా టైప్ చేసి తిరిగి పంపాలి. పంతొమ్మిదేళ్ళు అదే కుర్చీలో కూర్చుని అదే పని చేసింది. రికార్డింగ్ పాడైపోయి గరగరలాడే ఫైళ్ళు, నలుగురూ ఒకేసారి అరిచే ఫైళ్ళు ఉంటాయే, అవన్నీ ఆవిడకే ఇచ్చేవారట. ఇంకెవరికీ అర్థంకాని మాట ఆవిడకి అర్థమయ్యేదట. ఈ మాట మాకు ఆవిడ చెప్పలేదు. చెప్పినా మేం వినేవాళ్ళం కాదనుకోండి.

మా ఇంట్లో ఆవిడ పేరు దొరసాని. అమ్మ పెట్టింది. ఎందుకంటే పిలిస్తే పలకదు. "వదినా, కాస్త ఆ స్టవ్ కట్టెయ్యండి" అని అమ్మ పెరట్లోంచి గొంతు చించుకున్నా, అత్త స్టవ్ పక్కనే నిలబడి కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండేది. పాలు పొంగి పొయ్యంతా అలుకుడయ్యేది. అమ్మ వచ్చి ఎదురుగా నిలబడి కడిగేస్తే అప్పుడు, "అయ్యో, చూసుకోలేదమ్మా" అనేది. "ఉద్యోగం చేస్తున్నానని పొగరు. నా మాటకి పలికితే ఆవిడ హోదా తగ్గిపోతుంది" అని అమ్మ పదిహేనేళ్ళపాటు వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. నాన్న పేపరు మడిచి, మళ్ళీ విప్పేవాడు. ఆయన చేసే తీర్పు అంతే.

ఫోను ఎత్తేది కాదు. ఎవరైనా చేస్తే, "మెసేజ్ పెట్టమనరా" అని నా చేతిలో పెట్టేది. బ్యాంకుకీ ఆఫీసుకీ అన్నిచోట్లా, ఫోన్ చెయ్యాలంటే దీనికే చెయ్యమని నా నంబరే ఇచ్చింది. నేనేమైనా ఆవిడ సెక్రటరీనా అని విసుక్కునేవాణ్ణి. అన్నిటికంటే విసుగు నా మీసం గొడవ. "ఆ మీసం కాస్త కత్తిరించుకోరా, నోట్లోకి పోతోంది" అని వారానికోసారి అనేది. నా మీసం నా ఇష్టం. గుబురుగా, పై పెదవి మొత్తం కప్పేసి, చూసినవాళ్ళు మళ్ళీ చూసేలా ఉండేది. నేను ఫంక్షన్లకి వీడియోలు తీసి, ఎడిట్ చేసి ఇస్తుంటాను. ఆ రంగంలో మనిషికి ఒక వాటం ఉండాలి కదా. "నీకెందుకత్తా ముసలి సణుగుడు?" అనేవాణ్ణి. ఒక్కోసారి ఆ మాటకీ నవ్వి ఊరుకునేది. సిగ్గులేని మనిషి అనుకునేవాణ్ణి.

మొన్న చలికాలంలో వాళ్ళ ఆఫీసు మూసేశారు. అంటే కంపెనీ పోలేదు, అద్దె దండగని బిల్డింగు ఖాళీ చేసేసి, ఎవరి లాప్‌టాప్ వాళ్ళు కొనుక్కుని ఇంటినుంచే పని చెయ్యమన్నారు. అయితే అందర్నీ ఉంచుకోరు. ఒక పరీక్ష పెడతారు. సొంత లాప్‌టాప్ మీద, కెమెరా ఆన్‌లో పెట్టి, ఇరవై నిమిషాల వీడియో ఒకటి టైప్ చెయ్యాలి. నూటికి తొంభై ఆరు మాటలు సరిగ్గా రావాలి. వేరే మానిటర్ తగిలించకూడదు, పక్కన ఇంకో తెర ఏదీ ఉండకూడదు. నెగ్గినవాళ్ళకి ఉద్యోగం, లేనివాళ్ళకి నమస్కారం. ప్రాసెసర్ ఇంతకి తక్కువ ఉండకూడదు, ర్యామ్ ఇంత ఉండాలి అని ఒక జాబితా కూడా ఇచ్చారు. అందులో తెర గురించి ఒక్క ముక్క లేదు.

అత్త ఆ జాబితా నాలుగు మడతలు పెట్టి నా దగ్గరికి తెచ్చింది. ఏ కాగితమైనా నాలుగు మడతలు పెట్టడం ఆవిడ అలవాటు. "నాకు తెలీదురా, నువ్వు తోడురా" అంది. అలా అడిగిందా, నా కళ్ళు నెత్తికెక్కాయి. ఇంట్లో మరి అంతా నన్నే అడుగుతారు.

మేం వెళ్ళిన షాపు మెయిన్ రోడ్డు మీద, రెండో అంతస్తులో. అక్కడ రెడీమేడ్‌గా అమ్మరు. ఒక మోడల్ ఎంచుకుంటే, దానికి తెర ఏది, ర్యామ్ ఎంత, స్టోరేజీ ఎంత, గ్రాఫిక్స్ కార్డు కావాలా వద్దా అని ఒక ఫారం మీద టిక్కులు పెట్టాలి. మరీ చవకదీ కాదు, మరీ ఖరీదైనదీ కాదు, మధ్యరకం మోడల్ చూశాం. దానికి రెండు రకాల తెరలున్నాయి. కౌంటర్ అమ్మాయి రెండు లాప్‌టాప్‌లూ పక్కపక్కనే పెట్టి ఒకే వీడియో వేసింది. ఎవరో ఇద్దరు సోఫాలో కూర్చుని కబుర్లు చెప్పుకుంటున్నారు. షాపులో గోల ఎందుకని సౌండు ఆపేసి ఉంది.

చవక తెరలో మొహాలు పాలిపోయి, మనిషి కదిలితే వెనక చారలా అలుక్కుపోయినట్టు కనిపిస్తున్నాయి. కాస్త పక్కకి జరిగి చూస్తే ఆ మొహాలూ నల్లబడిపోతాయి. రెండోది పెద్దది, కడిగిన గాజులా ఉంది. అత్త దాని ముందు నిలబడిపోయింది. ఎంతసేపు నిలబడిందో తెలుసా, కౌంటర్ అమ్మాయి ఇంకో బేరం చూసుకుని తిరిగొచ్చింది. ఉన్నట్టుండి అత్త ఫక్కున నవ్వింది. సౌండు లేని వీడియో చూసి నవ్వింది! నేను ఆ అమ్మాయివంక చూసి, మా అత్తకి వయసైపోయింది, ఏమనుకోకు అన్నట్టు కనుబొమలెగరేశాను.

"ఇదే కావాల్రా," అంది అత్త. "మిగతావన్నీ జాబితాలో ఉన్నంత ఉంటే చాలు. తెర మాత్రం ఇదే."

"తెరకి పెట్టే ఖర్చులో ర్యామ్ రెట్టింపవుతుందత్తా. గ్రాఫిక్స్ కార్డు కూడా వస్తుంది."

"వద్దు. తెర."

ఫారం మీద తనే టిక్కు పెట్టింది. పెన్ను గట్టిగా నొక్కడంతో కాగితానికి చిల్లు పడింది. డబ్బు కట్టింది. ఫోన్ నంబర్ అడిగితే నా నంబరే రాసింది.

ఇక్కడే ఉంది అసలు సంగతి. ఆ షాపులో ఒక పద్ధతి. బిగించడం మొదలుపెట్టే ముందు కస్టమర్‌కి ఫోన్ చేసి, అన్నీ ఖాయమేనా, మార్పులేమైనా ఉన్నాయా అని అడుగుతారు. మర్నాడు పొద్దున్నే నాకు చేశారు. ఉన్నాయి అన్నాను. షాపుకెళ్ళాను. పెద్ద తెర కొట్టేయించి, చవక తెర పెట్టించాను. మిగిలినదాంతో ర్యామ్ రెట్టింపు, గ్రాఫిక్స్ కార్డు. మొత్తం అంతే వచ్చింది, ఒక్క పైసా ఎక్కువ కాలేదు. మార్పుల స్లిప్పు మీద సంతకం పెట్టాను, బర్రున గీశాను, ఫంక్షన్ ఆల్బమ్‌ల మీద పెడతానే, ఆ స్టయిల్లో.

ఎందుకు చేశానో నాకు బాగా తెలుసు. ఆవిడ మంచికోసమని, లాప్‌టాప్ వచ్చేదాకా నాలుగు రోజులూ నాకు నేను చెప్పుకున్నాను. విని టైప్ చేసే మనిషికి తెరెందుకు, చెవులుంటే చాలదా అని. అది పైకి. లోపల సంగతేమిటంటే, నా పాత కంప్యూటర్ వీడియో ఎడిటింగులో పది నిమిషాలకోసారి ఆగిపోయి ఉరేసుకుంటోంది. అత్త పని అయిపోయాక సాయంత్రాలు, ఆదివారాలు ఆ లాప్‌టాప్ నాదే కదా. నా గదిలో పెద్ద మానిటర్ ఉంది, తగిలించుకుంటే సరి. తెర ఎలా ఉంటే నాకేం? నా వస్తువుని నేను ఆవిడ డబ్బుతో తయారు చేయించుకున్నాను. దొంగతనం అనండి, నేనేమీ అడ్డు చెప్పను.

లాప్‌టాప్ వచ్చింది. పరీక్షకి ఇంకా రెండు రోజులున్నాయి. అత్త పెట్టె విప్పి, మూత తెరిచి, ఆన్ చేసి, అలా చూస్తూ కూర్చుంది.

"ఇది అది కాదురా," అంది.

"ఆ తెర స్టాకు లేదటత్తా. దీంట్లో ర్యామ్ డబుల్ ఇచ్చారు. రాకెట్‌లా పోతుంది చూడు."

"మార్పించరా."

"పది రోజులు పడుతుంది. పరీక్ష ఎల్లుండి. ఎలా మారుస్తారు?"

"పోనీ వెనక్కిచ్చేసి ఇంకోటి తెద్దాం. ఇప్పుడే వెళ్దాం పద, ఆటోలో వెళ్దాం." చీర కొంగు సవరించుకుని లేచి నిలబడింది కూడా. "నీకు తెలీదురా. ఇది నాకు పనికిరాదు. నీ కాళ్ళు పట్టుకుంటా, పద."

షాపుకెళ్తే నా సంతకం బయటపడుతుంది. నాకు ముచ్చెమటలు పోశాయి. ముచ్చెమటలు పోసినప్పుడు నేనేం చేస్తానో ఇంట్లో అందరికీ తెలుసు. అరిచాను. అమ్మా నాన్నా ఇద్దరూ గదిలోకొచ్చేదాకా అరిచాను.

"నువ్వు చేసే పనేంటి, నువ్వడిగేదేంటి? హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినడమేగా! సినిమా చూస్తావా పరీక్షలో? చెవులతో చేసే పనికి కళ్ళకేంటి సింగారం?"

అమ్మ పగలబడి నవ్వింది. "దొరసానిగారికి అద్దాల మేడ కావాలిరా, పాపం తెచ్చిపెట్టు!" నాన్న కూడా నవ్వాడు. నిజం, మా నాన్న అంత గట్టిగా నవ్వడం నేను చాలా ఏళ్ళ తర్వాత చూశాను.

అత్త మా ముగ్గురి మొహాలూ ఒకదాని తర్వాత ఒకటి చూసింది. ముందు అమ్మని, తర్వాత నాన్నని, చివరికి నన్ను. నా మొహం మీద చాలాసేపు ఆగింది. మళ్ళీ కూర్చుని చార్జరు తగిలించుకుంది.

ఆ రెండు రోజులూ గది తలుపేసుకుని ఆ తెరతో కుస్తీ పట్టింది. వెలుతురు పెంచడం, తగ్గించడం, కిటికీకి దుప్పటి కట్టడం, లాప్‌టాప్ కింద పుస్తకాలు పేర్చడం. నేను టీ ఇవ్వడానికి వెళ్ళి చూస్తే, తెరకి ముక్కు ఆనించినంత దగ్గరగా ఉంది. "కళ్ళు పోతాయత్తా," అన్నాను. అటు తిరిగి ఉంది, పలకలేదు. పొగరు అనుకుని కప్పు టక్కున పెట్టి వచ్చేశాను.

పరీక్ష పొద్దున పదింటికి జరిగింది. పదిన్నరకి అత్త బయటికొచ్చి, మంచినీళ్ళు తాగి, వంటింట్లో గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. ఆవిడ వంతు కాదది. మధ్యాహ్నం ఆవిడ ఫోనుకి మెసేజ్ వచ్చింది. నూటికి అరవై మూడు. అమ్మ ఆ ఫోను తీసుకుని చదివి, "పంతొమ్మిదేళ్ళు ఏం వెలగబెట్టినట్టో!" అంది. ఈసారి అత్తకి ఎదురుగా నిలబడే అంది.

నాలుగు రోజుల తర్వాత నాకు ఒక ఫోన్ వచ్చింది. అత్త ఆఫీసులో టీమ్ లీడరట, నడివయసు ఆవిడ గొంతు. "మీ అత్తగారు మెసేజ్‌కి జవాబివ్వట్లేదు బాబూ. ఎలా ఉన్నారో కనుక్కుందామని," అంది. బానే ఉందన్నాను.

"ఆవిడ మంచి తెర ఉన్నది ఆర్డర్ ఇచ్చారు కదా? దాని ఫొటో మాకందరికీ చూపించారు, చిన్నపిల్లలా సంబరపడిపోయారు. మరి ఏమైంది? ఆవిడకి అరవై మూడు రావడమేంటి?"

"ఏమోనండి. చెవులు సరిగా పెట్టలేదేమో," అన్నాను నేను. చూశారా నా నోరు.

అవతల ఆవిడ గొంతు తగ్గించింది. "మీకు తెలీదా బాబూ? ఆవిడకి పదిహేనేళ్ళుగా చెవులు సరిగా వినపడవు. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది గానీ ఏం మాటో తెలీదు. వీడియోలో పెదాలు చూసి టైప్ చేస్తుంది. అందుకే సౌండు పాడైన ఫైళ్ళన్నీ ఆవిడకే ఇచ్చేవాళ్ళం. ఒకరోజు హెడ్‌ఫోన్స్ వైరు ఊడిపోయి కింద వేలాడుతోంది, ఆవిడకి తెలీనే తెలీదు. నలభై నిమిషాలు అలాగే టైప్ చేసింది. ఒక్క తప్పు లేదు. మేమంతా చూశాం. ఎవరం నోరెత్తలేదు. బయటపడితే పైవాళ్ళు తీసేస్తారని ఆవిడకి భయం. మాకు తెలుసని ఆవిడకి ఈరోజుకీ తెలీదు. కానీ ఇంట్లోవాళ్ళు, మీకు తెలిసే ఉంటుంది కదా?"

"ఆఁ, తెలుసండి," అన్నాను.

మళ్ళీ పరీక్ష పెట్టరా అని అడిగాను. పెట్టరట, ఖాళీలు నిండిపోయాయట. ఫోను పెట్టేశాక మెట్లమీద కూర్చుండిపోయాను. పొంగిన పాలు, ఎత్తని ఫోనులు, సౌండు లేని వీడియో చూసి నవ్విన నవ్వు, అన్నీ వరసగా వచ్చి చెంపలు వాయించాయి. నా మీసం మీద చెయ్యి వేసుకున్నాను. నా మాట వినడానికి ఆ మనిషి ఇన్నేళ్ళూ దారి వదలమని బతిమాలింది. నేను ముసలి సణుగుడన్నాను.

అత్త గదికెళ్ళాను. ఆవిడ వీపు నావైపు పెట్టి, బట్టలు మడత పెడుతోంది. "అత్తా," అన్నాను. కదల్లేదు. "అత్తా, ఆ తెర స్టాకు లేకపోవడం కాదు. నేనే మార్చేశాను. నాకోసం మార్చేశాను. నీ ఉద్యోగం నేనే తీసేశాను." అంతా చెప్పేశాను, ఏడుస్తూ మరీ చెప్పాను. ఆ వీపు అలాగే ఉంది, చేతులు తువ్వాలు మడత పెడుతూనే ఉన్నాయి.

అల్మారా తెరవడానికి ఇటు తిరిగి నన్ను చూసింది. "ఏంట్రా? ఎప్పుడొచ్చావు?"

ఇప్పుడు ఎదురుగా ఉంది. ఇప్పుడు చెప్తే తెలుస్తుంది.

"ఏం లేదత్తా," అన్నాను.

తలూపింది. మంచం కింద నుంచి లాప్‌టాప్ పెట్టె లాగి నా చేతిలో పెట్టింది. "నువ్వే వాడుకో. వీడియోలకి బావుంటుందిగా," అంది.

నేను తీసుకున్నాను. వద్దనాలి కదా? తీసుకున్నాను. నా గదికి తెచ్చి పెట్టె తెరిస్తే, లాప్‌టాప్ మీద ఒక కాగితం ఉంది, నాలుగు మడతలు పెట్టి. షాపువాళ్ళు బిల్లుతోపాటు పెట్టెలో పైనే వేసిన మార్పుల స్లిప్పు. పెద్ద తెర కొట్టివేత, చవక తెర, ర్యామ్, గ్రాఫిక్స్, తేదీ, కింద బర్రున గీసిన నా సంతకం. పెట్టె విప్పిన రోజునే ఆవిడ చూసింది. షాపుకి పద అని బతిమాలినప్పుడూ, నేను స్టాకు లేదన్నప్పుడూ, సింగారమని అరిచినప్పుడూ ఆవిడకి అంతా తెలుసు. మా అమ్మానాన్నల ముందు ఆ కాగితం తీస్తే చాలు, నా బతుకు కుక్కలు చింపిన విస్తరయ్యేది. తియ్యలేదు.

నెల తిరక్కుండానే అమ్మ వెనక గది ఖాళీ చేయించింది. "జీతం లేని మనిషికి వేరే గదెందుకు? వీడు సామాను పెట్టుకుంటాడు," అంది. అత్త మంచం హాల్లోకి, చెప్పుల స్టాండు పక్కకి వచ్చింది. నా మానిటర్, నా స్పీకర్లు ఆ గదిలోకి వెళ్ళాయి. నేను అడ్డు చెప్పానని మీరనుకుంటే మీరు నన్నింకా సరిగ్గా పోల్చుకోలేదన్నమాట. లాప్‌టాప్ బ్రహ్మాండంగా పనిచేస్తోంది. ఎంత పెద్ద వీడియో అయినా ఒక్కసారి కూడా ఆగలేదు.

చెవుల సంగతి ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. చెప్తే నీకెవరు చెప్పారంటారు, మాట తిరిగి తిరిగి తెర దగ్గరికి వస్తుంది. అమ్మ ఇప్పటికీ దొరసాని అనే పిలుస్తుంది.

పోయిన వారం మీసం గీసేశాను. అద్దంలో నా మొహం తొక్క వలిచినట్టుంది. మధ్యాహ్నం భోజనాలకి కూర్చున్నప్పుడు అమ్మా నాన్నా చూసి ఒకటే నవ్వు. నేను కావాలని అత్తకి సరిగ్గా ఎదురుగా కూర్చున్నాను. ఒక్కో మాటా విడివిడిగా, పెదాలు పూర్తిగా కదిలిస్తూ, "అత్తా. ఆ తెర. నేనే. మార్చాను. నన్ను క్షమించు," అన్నాను.

నేను నోరు తెరవగానే అత్త కళ్ళు కంచంలోకి దించుకుంది.

"ఏ తెరరా? ఏం మార్చావు?" అంది అమ్మ. నాన్న నమలడం ఆపేశాడు. ఇంట్లో అందరికీ వినపడింది. అత్త అమ్మవైపు చూసి, ఆ పెదాలు చదివి, "ఏమోనమ్మా, ఏమంటున్నాడో నేను చూడలేదు," అని జవాబిచ్చింది. నాన్న నీళ్ళడిగితే తలెత్తి ఆయన్ని చూసింది, చెంబు అందించింది. నేను మళ్ళీ మొదలుపెట్టాను. అత్త కంచం తీసుకుని లేచింది.

అప్పట్నుంచి ఇంట్లో అందరి మొహాలూ చూస్తుంది, నా మొహం తప్ప.